దయయు శాసనమును

"గుఱ్ఱము గుడ్డిదైనను దాణాకు తక్కువ లేదు" అను సామెత మనలో చిరకాలమునుండి వాడుకలో నున్నది. పనికి వెనుదీసి తిండికి మాత్రము ముందు నిలుచు మనుష్యుని ఎత్తిపొడుచుటకు దానిని వాడుదుము. చెప్పువాడు నవ్వును, వినువారును నవ్వుదురు, గుఱ్ఱమును గూర్చి మాత్ర మెవరును ఆలోచింపరు. కాని యీ సామెతను పరిహాసమునుండి విడదీసి తిన్నగా చూచినచో దానియం దొక ధర్మసూత్రము దాగియున్నట్లు కనబడును. చూపు పోయినంతమాత్రమున ఆకలి పోదు. గుఱ్ఱమువలన మనకు కలుగు లాభము తగ్గవచ్చును గాని మనవలన దానికి చెల్లవలసిన గ్రాసము తగ్గదు. సామెతను పుట్టించినవాడు విసుగుతోనే పుట్టించెనేమో కాని సత్యమునే పలికెను.

ఈ గ్రాసము మన దయవలన దానికి లభించునదా, లేక మనము తీర్పవలసిన ఋణమా అనునదే యిచ్చట విచారింపదలచిన ప్రశ్న. దయయే యైనచో ఇచ్చుటకును మానుటకును మనకు స్వేచ్ఛ కలదు. ఋణమైనచో తీర్పనివానిని నిలువరించి అడుగుటకు రాజ్యమునకు అధికారము కలదు. కుక్కలను, గుఱ్ఱములను ఎట్లు పోషింపవలెనో శాసనము నిర్ణయింపవచ్చునా, నిర్ణయించినచో అది దయకు తోడ్పడునా లేక దయను చంపునా అను సందేహములన్నియు ఈ యొక్క ప్రశ్ననుండియే పుట్టుచున్నవి.

ఈ ప్రశ్న నాకు గ్రంథములవలన కలిగినది కాదు. కొన్ని యేండ్ల క్రిందట, మే నెలలో, హైదరాబాదు పాతబస్తీలో మా దగ్గఱి బంధువుల ఇంట వివాహము జరిగెను. వరుని ఊరేగింపునకు ఒక తెల్లగుఱ్ఱమును బాడుగకు తెచ్చిరి. బాడుగ బేరమాడినవారిలో నేనును ఒకడను. కొంత తగ్గించితినని సంతోషించితిని కూడ. తోడిపెండ్లికొడుకుగా కూర్చుండవలసిన పిల్లవానిని జీనుమీదికి ఎత్తునప్పుడు జరీ అంచు గుడ్డ ఒక ప్రక్కకు తొలగెను. దాని క్రింద, జీను ఒరసికొను చోట, అరచేతియంత పుండు. ఈగలు ముసరుచున్నవి. నేను చూచితిని. నాతోపాటు మఱియొకరిద్దరును చూచిరి. ముహూర్తము మించిపోవుచున్నది, పెద్దలు తొందరపెట్టుచున్నారు, మర్ఫావాద్యము మ్రోగుచున్నది. గుడ్డను సరిచేసి, పిల్లవానిని కూర్చుండబెట్టి, ఊరకుంటిని.

రాత్రి ఊరేగింపు ముగిసిన పిమ్మట గుఱ్ఱపుయజమానిని, నాకంటె పెద్దవాడైన ఒక వృద్ధుని, పుండును గూర్చి అడిగితిని. అతడు కోపపడలేదు. తన ఒంటెద్దు సంసారమును గూర్చి చెప్పెను. "ఆషాఢము వచ్చినచో మీ పెండ్లిండ్లుండవు, మొహర్రము వచ్చినచో మా పెండ్లిండ్లుండవు. పంతులుగారూ, దీని కడుపునకు ఆషాఢమును లేదు, మొహర్రమును లేదు. ఈ నాలుగు వారములలో దీనికి సెలవిచ్చితినా, ఆ నాలుగు నెలలు దీనికి ఉలవలెక్కడివి?" అని, ఆ గుఱ్ఱము నొసటిమీద చేయి వేసి నిలుచుండెను. ఆ చేతిలో క్రౌర్యము లేదు. మఱి ఆ పుండునకు కారకు డెవడు? జీను వేసినవాడా, బాడుగ తగ్గించినవాడా, చూచి గుడ్డ కప్పినవాడా?

దయ లేనివా డొకడును లేని చోట కూడ క్రూరకార్యము నిరాటంకముగా సాగునని నాకు ఆనాడు తెలిసినది. అందఱును కొంచెము కొంచెము దయ గలవారమే. ఒక్కనియం దైనను చాలినంత లేకపోయెను.

మన పూర్వులు ఈ విషయమును ఉపేక్షింపలేదు. మహాభారతమున ద్రోణపర్వమునందు, సైంధవుని వధింపవలసిన ఆ ఒక్కపగటిలో, సూర్యుడు క్రుంగుచుండగా, అర్జునుని గుఱ్ఱములు బాణములు నాటి, దప్పిగొని నిలిచిపోయినవి. అట్టి సమయమున శ్రీకృష్ణుడు వానిని కొరడాతో అదలింపలేదు. అర్జునుడు నేలమీద నిలిచి శత్రువులను ఆపుచుండగా, తాను కాడి విప్పి, ములుకులు ఊడబెరికి, ఒడలు నిమిరి, నీరు త్రాగించి, మేత పెట్టి, అలసట తీరిన పిమ్మటనే మరల రథమునకు పూన్చెను. ప్రతిజ్ఞ నెఱవేరునో లేదో అను ప్రాణసంకటమున కూడ గుఱ్ఱమునకు చెల్లవలసిన విశ్రాంతిని వాయిదా వేయలేదు. మాకు ఆ రాత్రి మించిపోవుచున్నది ఒక ముహూర్తము మాత్రమే.

ఆదిపర్వారంభముననే సరమ కథ యున్నది. జనమేజయుడు సత్రయాగము చేయుచుండగా అచ్చటికి వచ్చిన కుక్కపిల్లను అతని తమ్ములు కొట్టిరి. దాని తల్లి సరమ సభకు వచ్చి, నా బిడ్డ హవిస్సును ముట్టలేదు, కన్నెత్తి చూడనైనను లేదు, ఎందుకు కొట్టితిరని అడిగెను. వారు బదులు చెప్పలేకపోయిరి. తప్పు చేయనివానిని దండించితిరి గనుక మీకు కానరాని భయము కలుగునని యామె శపించెను. ఇంత పెద్ద గ్రంథము ఒక కుక్క వేసిన న్యాయప్రశ్నతో ఆరంభమై, స్వర్గద్వారమున తన్ను నమ్మి వెంటవచ్చిన కుక్కను విడువనని ధర్మరాజు చెప్పిన మాటతో ముగియవచ్చుచుండుట యోచింపదగినది.

ఇవి ధర్మమును బోధించు కథలు. కొలతను బోధించిన గ్రంథము కౌటిల్యుని అర్థశాస్త్రము. అశ్వాధ్యక్షుని గూర్చిన అధ్యాయమున గుఱ్ఱపుసాలల నిర్మాణము, ఆయా తరగతుల గుఱ్ఱములకు ఈయవలసిన ఆహారపరిమాణము వివరింపబడినవి. వైద్యుని అశ్రద్ధవలన గుఱ్ఱపు జబ్బు ముదిరినచో చికిత్సకగు వ్యయమునకు రెట్టింపు దండుగ విధింపబడినది. ఇక అశోకచక్రవర్తి తన రెండవ శిలాశాసనమున మనుష్యులకును పశువులకును చికిత్సకు ఏర్పాట్లు చేయించితినని ప్రకటించెను. ఆ శాసనముయొక్క ఒక ప్రతి మన కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి కొండబండలమీద నేటికిని చూడవచ్చును. కావున జంతుపోషణమునకు శాసనమేమిటి, ఇది పాశ్చాత్యుల వింతయని యెవరైన అన్నచో, వారిని ఒకసారి ఎఱ్ఱగుడికి పంపవలెను.

పాశ్చాత్యులలోను ఈ వివేకము ఒక్కనాట కలుగలేదు. జర్మనుతత్త్వవేత్త కాంటు, ముసలిదైన కుక్కను చంపినవాడు ఆ కుక్కకు అపచారము చేసినవాడు కాడనియు, తనలోని మానవత్వమునకే హాని చేసికొన్నవాడనియు వాదించెను. ఆంగ్లేయుడైన బెంథాము 1789లో ప్రకటించిన గ్రంథమున దీనికి వేఱొక త్రోవ చూపెను: జంతువునకు తర్కశక్తి యున్నదా, మాటలాడగలదా అని కాదు, బాధపడగలదా అని అడుగవలెనన్నాడు. 1822లో ఇంగ్లండు పార్లమెంటు గుఱ్ఱములను, పశువులను హింసించుటను నేరముగా చేసెను. కుక్కలకు ఆ రక్షణ 1835 వఱకు లభింపలేదు. చిన్నబండ్లకు కుక్కలను కట్టి లాగించు ఆచారమును లండనులో 1839లోను, దేశమంతట 1854లోను నిషేధించిరి.

మన దేశమున 1861లో కలకత్తాలో జంతుహింసానివారణసంఘ మేర్పడెను; 1890లో మొదటి యఖిలభారత శాసనము వచ్చెను. స్వాతంత్ర్యానంతరము రాజ్యసభలో సభ్యురాలైన రుక్మిణీదేవీ అరండేలు పట్టుదలవలన 1960లో నేటి జంతుహింసానివారణచట్టము వెలసినది. భరతనాట్యమునకు గౌరవము సంపాదించి పెట్టిన ఆ మహిళయే భారత జంతుసంక్షేమమండలికి ప్రథమాధ్యక్షురా లయ్యెను.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. గ్రాసము దయయా, ఋణమా? దీనికి నాకు దొరకిన ఉత్తమమైన సమాధానము మా బస్తీలోని ముస్లిము సోదరులు చెప్పుకొను రెండు ప్రవక్తసంప్రదాయములలో నున్నది. దప్పిచే నాలుక వ్రేలవేసిన కుక్కను చూచి, బావిలోనికి దిగి, పాదరక్షతో నీరు తెచ్చి త్రాగించినవానికి పాపము క్షమింపబడెనని యొకటి. పిల్లిని కట్టివేసి చంపిన స్త్రీకి నరకము ప్రాప్తించెనని రెండవది. ఈ రెండవ కథలో ఒక సూక్ష్మ మున్నది. ఆమె దానికి తిండి పెట్టలేదు. తన తిండి తాను వెదకికొనుటకు విడువనును లేదు. నేరమంతయు ఆ రెండవ మాటలో నున్నది.

కట్టుత్రాడే ఋణపత్రము. అడవిలోని జింకకు నేను మేత వేసినచో అది దయ. కాని కళ్లెము వేసిన గుఱ్ఱము, గొలుసున నున్న కుక్క, తమ ఆహారమును తాము సంపాదించుకొను స్వాతంత్ర్యమును నా చేతిలో పెట్టినవి. పెట్టినవనుట కంటె నేను లాగికొంటి ననుట నిజము. లాగికొన్నదానికి బదులు చెల్లించుట దాన మెట్లగును? ఆహారము, నీరు, నీడ, వైద్యము, విశ్రాంతి — ఇవి ఆ త్రాటికి వడ్డీ. జంతువులకు రాజ్యాంగమున మూలహక్కు లున్నవా లేవా అని పండితులు వాదింతురు. 2014లో జల్లికట్టు వ్యవహారమున సుప్రీముకోర్టు ఆకలిదప్పులనుండి, భయమునుండి, అసౌఖ్యమునుండి, నొప్పి రోగములనుండి విముక్తి, సహజముగా ప్రవర్తించు స్వేచ్ఛ అను అయిదింటిని జంతువులకు చెల్లవలసినవిగా చెప్పెను. 2023లో రాజ్యాంగధర్మాసనము ఆ యాటకు వీలిచ్చిన రాష్ట్రచట్టములను సమర్థించుచు, జంతువులకు మూలహక్కుల నొసగుటకు సిద్ధపడలేదు. ఈ వాద మెట్లు తేలినను మన పని తేలికపడదు. హక్కు అడుగువాడు లేకున్నను ఋణము ఋణమే.

ఋణ మన్నప్పుడు లెక్క యుండవలెను. ఇచ్చటనే శాసనముయొక్క ప్రయోజనము కనబడుచున్నది. దయకు కొలత లేదు. అది మన చిత్తవృత్తినిబట్టి ప్రొద్దున పెరిగి సాయంకాలము తరుగును. గుఱ్ఱమునకు వలసినది మన మనోభావము కాదు, సేర్ల లెక్కన గ్రాసము, గంటల లెక్కన విశ్రాంతి. 1965 నాటి నిబంధనలు ఈ లెక్కను వ్రాసినవి. గుఱ్ఱము లాగు రెండు చక్రముల బండిలో రబ్బరు టైర్లున్నచో 750 కిలోలకును, లేనిచో 500 కిలోలకును మించి బరువు వేయరాదు. ప్రయాణపుబండిలో తోలువాడును, ఆఱేండ్ల లోపు పిల్లలును గాక నలుగురికి మించి ఎక్కరాదు. దినమునకు 9 గంటలకు మించి పని చేయింపరాదు. ఎడతెగక 5 గంటలకు మించి చేయింపరాదు. ఉష్ణము 37 డిగ్రీలు దాటు చోట మధ్యాహ్నము 12 మొదలు 3 గంటల వఱకు బండి లాగింపరాదు, బరువు మోయింపరాదు. హైదరాబాదు వేసవి నెఱిగినవారికి ఈ చివరి నిబంధన విలువ నేను చెప్పనక్కఱలేదు. ముల్లు గల కఱ్ఱగాని, కళ్లెముగాని వాడరాదు. పుండు గల జంతువును పనిలో పెట్టుట మూలచట్టము ప్రకారమే నేరము.

కుక్కను గూర్చియు ఆ చట్టము మౌనముగా లేదు. మిక్కిలి పొట్టిదో బరువైనదో యగు గొలుసున మితిమీఱిన కాలము బంధించుట నేరము. నిత్యము గొలుసున నుండు కుక్కను తగినంత త్రిప్పకుండుట కూడ నేరమే. ఈ మాట చదువునప్పుడు మనలో ననేకులకు బండివాడు గాక మన మేడమీది వసారా జ్ఞప్తికి రావలెను. మంచిజాతి కుక్కయని వెలపెట్టి కొని, పిల్లల ముచ్చట తీరిన పిమ్మట నీళ్లతొట్టి ప్రక్కన కట్టివైచి, వేళకు అన్నము పెట్టుచున్నాము గదా యని తృప్తిపడు గృహస్థుడు చట్టము దృష్టిలో నిర్దోషి కాడు.

వీనికన్నిటికిని మించి నన్ను కలచిన మాట, "యజమాని" యను పదమునకు ఆ చట్టము చెప్పిన అర్థము. వెలపెట్టి కొన్నవాడు మాత్రమే కాక, ఆ సమయమున జంతువు ఎవని స్వాధీనమున నుండునో వాడును యజమానియే. పెండ్లినాటి రాత్రి నాలుగు గంటలసేపు ఆ గుఱ్ఱము ఎవరి పనిలో, ఎవరి ఆజ్ఞలో నుండెను? న్యాయస్థానమున వాదము లెట్లుండినను నా మనస్సాక్షి ముందట నేను తప్పించుకొనుటకు త్రోవ లేదు.

ఆక్షేపణలు కొన్ని కలవు. శాసనము మనుష్యులను దయాళువులుగా చేయజాలదని మొదటిది. నిజమే. అప్పు తీర్చుమని తీర్పు చెప్పిన న్యాయాధిపతి అప్పులవానిని ఉదారునిగా చేయడు. ఐనను ఋణదాతకు సొమ్ము చేరును. శాసనము దయకు బదులు కాదు. దయ క్రుంగినప్పుడు జంతువు అంతకంటె క్రిందికి పడకుండ వేసిన అరుగు. ఆ అరుగుమీద నిలిచి దయ ఎంత ఎత్తునకైనను పెరుగవచ్చును.

శాసనము పేదవానిమీదనే పడునని రెండవది. ఇది బరువైన ఆక్షేపణ. బండివాని కొరడా బజారులో అందఱికి కనబడును. కలిగినవారి తప్పు గోడల వెనుక దాగును. మలక్‌పేటలో 1886లోనే పందెములు మొదలైన నగరమిది. గుఱ్ఱముమీద ధనము పెట్టుట మనకు క్రొత్త కాదు. 2025 వేసవిలో, పందెములకు వాడబడినవని చెప్పబడిన 50కి పైగా గుఱ్ఱములను హైదరాబాదునుండి జబల్పూరునకు తరలింపగా కొన్ని కొలదిదినములలోనే మరణించినవి. ఆ వ్యవహారము మధ్యప్రదేశ్ ఉన్నతన్యాయస్థానము వఱకు పోయెను. జంతువుల రవాణాకు 1978 నుండియు నిబంధనలున్నవి. కావున ఆక్షేపణకు ఉత్తరము శాసనమును ఎత్తివేయుట కాదు, అందఱిమీదను సమముగా పడునట్లు చేయుట. పేదవానికి దండుగకు ముందు ఉచితవైద్యము, నీళ్లతొట్టి, నీడ సమకూర్పవలెను. ఆ వృద్ధుని నేరస్థుని చేసి, అతని బాడుగను తగ్గించిన నన్ను సాక్షిగా నిలిపినచో అది న్యాయము కాదు.

దండుగను గూర్చి యొక మాట. 1860 నాటి శిక్షాస్మృతిలో జంతువును చంపినను, అంగహీనము చేసినను విధించు శిక్ష దాని వెలనుబట్టి యుండెను. గుఱ్ఱమునకు పేరు చెప్పిరి, కుక్కకు మాత్రము పది రూపాయలో, యాభై రూపాయలో అని వెల చూచిరి. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన న్యాయసంహిత ఈ వెలభేదమును తొలగించినది, ఇది మేలు. కాని 1960 చట్టము మొదటి హింసకు విధించిన జుల్మానా 10 రూపాయలు మొదలు 50 రూపాయల వఱకు. ఆ కాలమున నది కొంత సొమ్మే. నేటికి ఒక చాయ్ వెలతో ఆరంభమగుచున్నది. ఋణమును ఒప్పుకొని వెలను మఱచిన పత్రము వంటిది ఆ శాసనము.

వీధికుక్కలు మనుష్యులను కఱచుచుండగా ఈ దయాప్రసంగ మెందుకని మూడవ ఆక్షేపణ. 2023 ఫిబ్రవరిలో మన నగరమున, అంబర్‌పేటలో, నాలుగేండ్ల పసివాడు వీధికుక్కల వాతబడి ప్రాణములు కోల్పోయెను. పిల్లలకు చదువు చెప్పి బ్రతుకు నేను దీనిని తేలికగా చెప్పజాలను. ప్రతి సాయంకాలము బడి విడిచిన పిమ్మట చిన్నపిల్లలు సందులలోనికి పోవుచుండగా నాకును గుండె దడదడలాడును. పిల్లవాని ప్రాణమును కుక్క ప్రాణమును ఒక త్రాసులో పెట్టుమన్నచో నాకు సందేహము లేదు. కాని త్రాసు అట్లు పెట్టినవా రెవరు? కుప్పతొట్లను పొంగి పొరలనిచ్చి, కుక్కలకు శస్త్రచికిత్సయు టీకాలును చేయింపక విడిచిన మన పురజీవనమే. 2001 నిబంధనలును, వానికి బదులు వచ్చిన 2023 నిబంధనలును ఈ భారమును స్థానికసంస్థలమీద నుంచినవి. 2025 ఆగస్టు 22న సుప్రీముకోర్టు, శస్త్రచికిత్సయు టీకాలును చేసిన కుక్కలను, వెఱ్ఱియెత్తినవి, క్రూరమైనవి తప్ప, పట్టిన చోటనే విడువవలెననియు, నిర్ణీతస్థలములలోనే వానికి ఆహారము పెట్టవలెననియు ఆదేశించెను. అదే సంవత్సరము నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్సు, రైలు స్టేషనులవంటి చోట్లనుండి వానిని తొలగించి శరణాలయములలో నుంపుమనెను.

బడి ఆవరణనుండి కుక్కలను తొలగించుట నాకు సమ్మతమే. కాని పట్టుకొని బంధించిన క్షణమున మనము మరల ఋణపత్రము వ్రాసితిమి. తీసికొనిపోయిన చోట నీరున్నదా, చోటున్నదా, వైద్యుడున్నాడా అని అడుగువాడుండవలెను. అట్లే, వీధిలో అన్నము పడవైచి పుణ్యము కట్టుకొంటినని తలచువారికిని ఒక మనవి. టీకా లేని అన్నము సగము దయ. దాని ఫలమును తాము గాక ప్రక్కయింటి పిల్లవాడు అనుభవించును. కొలతలేని క్రౌర్యమువలెనే కొలతలేని దయయు పరులకు హాని చేయును. ఈ నగరమున 1992 నుండి పనిచేయుచున్న బ్లూక్రాసు వంటి సంస్థలు వైద్యమును, టీకాలను దయతో జతపఱచుట మనకు మార్గదర్శకము.

శాసనమును సర్కారు వ్రాయును. దానికి ప్రాణము పోయునది గృహస్థుడు. ఇంట శుభకార్యమునకు గుఱ్ఱమును పిలిచినప్పుడు, బాడుగ మాటాడుటకు ముందు జీను తీయించి వీపు చూడవలెను. పుండున్నచో దానిని త్రిప్పి పంపుట చాలదు; అది మఱియొక పెండ్లికి పోవును. ఆ దినపు బాడుగ ఇచ్చి త్రిప్పి పంపవలెను. వాద్యములకు, దీపములకు, విందునకు వెచ్చించు మనకు ఇది పెద్ద లెక్క కాదు. గుఱ్ఱమే అక్కఱలేదని వరుడు నడచి వచ్చినచో మఱింత శోభ. ఇంట కుక్కను పెంపదలచినచో, దానిని ప్రతిదినము త్రిప్పువా రెవరో ముందుగా నిర్ణయించుకొని తేవలెను. ఎవరును లేనిచో తేకుండుటయే దానికి మనము చేయగల మేలు.

సరమ తన బిడ్డ తరఫున సభలో నిలిచి అడిగినది. మన సందులలోని మూగజీవముల తల్లులు అడుగజాలవు. ఆ రాత్రి జరీగుడ్డ తొలగినప్పుడు అడుగవలసినవాడ నేను, అడుగలేదు. తరువాత ఒకటి రెండు మాఱులు ఆ వృద్ధుని యిల్లు వెదకికొని పోయితిని. ఇల్లు దొరకినది గాని గుఱ్ఱము లేదు, అమ్మివైచిరని చెప్పిరి. ఎవరికి అమ్మిరో, దాని వీపు మానినదో లేదో తెలియలేదు. ఇప్పు డెవరైన నవ్వుచు గుడ్డిగుఱ్ఱపు దాణాసామెత చెప్పినచో నాకు నవ్వు రాదు.